మూసీ ఒడ్డున కిలోమీటరు బాట వేయాలంటే

నది ఒడ్డున నడకబాట కుంగిన చోట ఒక పలక లేపి చూడండి. కింద ఖాళీ కనిపిస్తుంది. పైన తిరిగే మనుషుల బరువుకు ఆ పలక పగల్లేదు. కింది మట్టిని నీళ్లు మోసుకుపోయాక ఆనుకోవడానికేమీ లేక పగిలింది. అందుకే ఈ పనిలో ఎంతమంది నడుస్తారు, ఎన్ని సైకిళ్లు తిరుగుతాయి అన్నది రెండో లెక్క. నీళ్లు ఎటు నుంచి వస్తాయి, ఎటు పోతాయి, ఎంత ఎత్తుకు లేస్తాయి అన్నదే మొదటి లెక్క.

ఇక్కడ చెప్పేదంతా హైదరాబాద్‌లో అత్తాపూర్ నుంచి నాగోలు దాకా మూసీ ఒడ్డున ఎక్కడైనా ఒక కిలోమీటరు బాట వేయడానికి సరిపోతుంది. నడిచేవాళ్లు, పరుగెత్తేవాళ్లు, సైకిలు తొక్కేవాళ్లు ముగ్గురూ దాన్ని వాడాలి. పని చేయించేది కాలనీ సంఘమైనా, చిన్న కాంట్రాక్టరైనా కొలతలు మారవు. చెరువు పక్కన వేసినా ఇంతే, కాకపోతే ఒక్క జాగ్రత్త: కట్ట మీద తవ్వకండి, చెట్లు నాటకండి. కట్టలోకి వేరు దిగితే ఆ వేరు వెంబడే నీరు దారి వెతుక్కుంటుంది. కట్ట దిగువన, కట్ట పాదానికి ఎడంగా వేసుకోండి.

అనుమతి సంగతి క్లుప్తంగా. నగరపాలక పరిధిలో నది హద్దు నుంచి 50 మీటర్లు, 10 హెక్టార్లు దాటిన చెరువుకైతే 30 మీటర్లు కట్టడాలు లేకుండా వదలాలన్నది నిబంధన. బాట సాధారణంగా ఆ జాగాలోనే వస్తుంది. ఖాళీగా ఉంది కదా అని మొదలుపెడితే సగంలో ఆగిపోతుంది. నీటిపారుదల శాఖ నుంచీ, మున్సిపల్ అధికారుల నుంచీ కాగితం చేతికొచ్చాకే జేసీబీ పిలవండి. నగరం మంచినీళ్లు, మురుగు చూసే జలమండలి దగ్గర భూగర్భ డ్రైనేజీ లైన్ల పటం కూడా తీసుకోవాలి. మూసీ వెంట పెద్ద పైపులు, మ్యాన్‌హోళ్లు చాలా ఉన్నాయి. గడ్డపార ఒక్క పోటు తప్పిందంటే బాట సంగతి మర్చిపోయి నెలరోజులు మురుగు తోడుకోవాలి.

నీళ్ల గీత

నగరానికి ఎగువన ఉన్న జంట జలాశయాల్లో హిమాయత్‌సాగర్ పూర్తిస్థాయి నీటిమట్టం 1763.5 అడుగులు, ఉస్మాన్‌సాగర్‌ది 1790 అడుగులు. అవి ఆ మట్టాలకు చేరువైతే గేట్లు లేపుతారు, ఊళ్లో మూసీ పొంగుతుంది. దానికి నగరంలోని నాలాల నీళ్లు తోడవుతాయి. 2020 అక్టోబరులో, 2025 సెప్టెంబరు చివర్లో జరిగింది ఇదే. రెండోసారి మహాత్మా గాంధీ బస్ స్టేషన్ (ఎంజీబీఎస్) ఆవరణలోకే నీళ్లొచ్చాయి. ఈ రెండు వరదల మరకలు ఒడ్డున ఉన్న గోడల మీద, వంతెన స్తంభాల మీద, గుడి మెట్ల మీద ఇంకా దొరుకుతాయి. ఆ చుట్టుపక్కల కనీసం ముగ్గురిని విడివిడిగా అడగండి. ముగ్గురూ ఒకే రాయిని చూపిస్తే దాన్ని నమ్మొచ్చు. (1908 నాటి వరదను కొలతగా పెట్టుకుంటే బాట వేయనే వేయలేం. అప్పుడు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టెక్కి సుమారు 150 మంది బతికారని అక్కడి ఫలకం చెబుతుంది.)

మరకలు దొరికాక రెండు గీతలు గీసుకోండి. ఏటా వానాకాలంలో నీళ్లొచ్చే మట్టం కింది గీత. పదేళ్లకో, ఇరవయ్యేళ్లకో వచ్చే వరద మట్టం పై గీత. బాట కింది గీతకు కనీసం అర మీటరు పైన ఉండాలి. పై గీతకు కింద ఉన్నా ఫర్వాలేదు, కానీ అప్పుడు బాట మునిగి తేలేలా కట్టాలి: కాంక్రీటు పైభాగం, నది వైపు అంచున పాదగోడ, కరెంటు డబ్బాలన్నీ పై గీతకు ఎగువన. మునగకూడదని మట్టి పోసి ఎత్తు పెంచడమే అన్నిటికన్నా చెడ్డ ఆలోచన. పోసిన మట్టి నది వెడల్పును తింటుంది, ఆ నీరు ఎదుటి ఒడ్డు మీద పడుతుంది, మీ గట్టు కూడా మొదటి వరదకే జారుతుంది.

నది వైపు కన్నా ఊరి వైపు నుంచి వచ్చే నీళ్లే బాటను ఎక్కువసార్లు దెబ్బతీస్తాయి. ఇది చాలామంది పట్టించుకోరు. గట్టి వాన పడుతుండగా గొడుగేసుకుని కిలోమీటరూ నడవండి. వీధుల నీళ్లు ఒడ్డు మీదికి దిగే చోటల్లా సున్నంతో గుర్తు పెట్టండి, లేదా ఒక మేకు కొట్టండి. ఎండాకాలంలో ఎంత మంచి సర్వే చేసినా ఈ చోట్లు దొరకవు. ప్రతి గుర్తు దగ్గరా బాట కింద ఒక పైపు వస్తుంది. రెండు గుర్తుల మధ్య 50 మీటర్లు దాటితే మధ్యలో ఇంకోటి వేయండి.

పైపు 450 మిల్లీమీటర్ల సిమెంటు పైపు. 300 చాలంటారు, నీటి లెక్కకు చాలుతుంది కూడా. కానీ మన వీధుల నీళ్లతో ప్లాస్టిక్ కవర్లు, కొబ్బరి బోండాలు, చెప్పులు వస్తాయి. 300 పైపు ఒకసారి పూడుకుంటే బయట నుంచి గడ దూర్చి తీయలేరు. ఊరి వైపు ముఖం దగ్గర నాలుగు వైపులా 600 మిల్లీమీటర్లుండే చదరపు తొట్టి కట్టించండి, పైపు అడుగు కన్నా తొట్టి అడుగు 300 మిల్లీమీటర్లు లోతుండాలి. ఇసుక అక్కడ ఆగుతుంది. తొట్టి మీది జాలీ బాట మీదికి రాకూడదు, పక్కనే ఉండాలి. నది వైపు పైపు నోటి కింద మీటరున్నర పొడవున రాళ్లు పేర్చి పరచాలి. ఆ రాళ్లు లేని చోట పైపు నుంచి దూకిన నీరు ఒక్క వానాకాలంలో గొయ్యి తవ్వుతుంది. ఆ గొయ్యి వెనక్కి పెరుగుతూ వచ్చి మీ బాట కిందికి చేరుతుంది.

వెడల్పు

ముగ్గురూ ఒకే బాటను పంచుకోవాలంటే 3 మీటర్లు కనీసం. అంతకు తగ్గితే ఇద్దరు పక్కపక్కన నడుస్తుంటే సైకిలు దాటలేదు, బెల్లు కొట్టడం మొదలవుతుంది, ఆ తర్వాత తగాదా. జాగా ఉంటే ఇలా విడదీయడం మేలు: సైకిళ్లకు, చక్రాల కుర్చీలకు, బేబీ బండ్లకు 3 మీటర్ల కాంక్రీటు, నడిచేవాళ్లకు, పరుగెత్తేవాళ్లకు నది వైపు 1.5 మీటర్ల మొరం బాట. రెంటి మధ్య 0.6 మీటర్ల గడ్డి. బయటి అంచులు రెండింటా 0.6 మీటర్ల చొప్పున ఖాళీ. మొత్తం 6.3 మీటర్లు. ఊరి వైపు మోరీతో కలిపి 7 మీటర్లు పట్టుకోండి. నడిచేవాళ్లను నది వైపే ఎందుకు ఉంచాలంటే, వాళ్లు ఆగి చూస్తారు. చూడాల్సిందాన్ని అవతలి వైపు పెడితే సైకిళ్ల బాటలోనే నిలబడతారు.

జాగా 4 మీటర్లకు మించి లేదా? అప్పుడు విడదీయకండి. గీత గీసి 2 మీటర్లు వీళ్లకు, 2 మీటర్లు వాళ్లకు అని పంచితే ఎవరికీ సరిపోదు, గీతను ఎవరూ లెక్కచేయరు. ఒకటే బాట వేసి అందరూ ఎడమ వైపు నడవాలని రాయండి.

వంపుల దగ్గర గంటకు 20 కిలోమీటర్ల వేగానికి కనీసం 9 మీటర్ల వ్యాసార్థం, 30 వేగానికి 20 మీటర్ల వ్యాసార్థం కావాలి. వంపు లోపలి వైపు పొదలు, బోర్డులు పెట్టొద్దు, 30 మీటర్ల ముందు దాకా ఎదురొచ్చేవాళ్లు కనబడాలి. రోడ్డు మీద నుంచి ఒడ్డుకు దిగే ర్యాంపు 20కి 1 వాలు: 3 మీటర్లు దిగాలంటే 60 మీటర్ల పొడవు. అంత చోటు లేదని నిటారుగా దింపితే దిగేవాళ్లు నేరుగా నడిచేవాళ్ల మీదికి వస్తారు. వంతెన కిందుగా పోయే చోట తల మీద కనీసం 2.5 మీటర్ల ఖాళీ, రెండు వైపులా తాళం వేసే గేటు ఉండాలి. అక్కడ నీళ్లు ముందు వస్తాయి, చివర పోతాయి.

మట్టిని చేత్తో చూడటం

ప్రతి 50 మీటర్లకు ఒక మీటరు లోతు గొయ్యి తీయండి. కిలోమీటరుకు 21 గోతులు. కూలీలకు రెండు రోజుల పని, దీని మీద మిగిలే ఖర్చు అంతకు ఎన్నో రెట్లు. మూసీ ఒడ్డున ముఖ్యంగా మూడు రకాలు తగులుతాయి. ఎర్రని ఇసుకపాలు ఎక్కువున్న చల్కా నేల మంచిది. నల్లని బంకమట్టి చెడ్డది. మూడోది మట్టే కాదు, లారీలు తెచ్చి పోసిన కూల్చిన ఇళ్ల శిథిలాలు. గోతిలో ఇటుక ముక్కలు, టైల్సు, గోనె పీలికలు, మధ్యమధ్య బొరియలు కనిపిస్తే అది శిథిలాల దిబ్బే. పైన ఎంత రోలరు తిప్పినా లోపలి ఖాళీలు పోవు. ఆ మేర తీసేయాలి, లేదా బాటను పక్కకు తిప్పాలి. తీసిన శిథిలాలను ఫతుల్లగూడ, జీడిమెట్లల్లో ఉన్న భవన వ్యర్థాల కేంద్రాలకు పంపండి. అక్కడ వాటిని విడగొట్టి చేసిన కంకర కింది పొరకు పనికొస్తుంది.

నల్లమట్టి ఎంత ఉబ్బుతుందో తెలుసుకోవడానికి ల్యాబ్ దాకా పోకుండా ఒక చిన్న పరీక్ష ఉంది. మట్టిని ఎండబెట్టి, నలిపి, సన్న జల్లెడ పట్టండి. 100 మిల్లీలీటర్ల గాజు గొట్టాలు రెండు తీసుకుని ఒక్కోదానిలో 10 గ్రాముల మట్టి వేయండి. ఒకదాన్ని నీళ్లతో, రెండోదాన్ని కిరోసిన్‌తో నింపి గాజుపుల్లతో కలిపి బుడగలు పోగొట్టి 24 గంటలు కదపకుండా వదలండి. కిరోసిన్‌లో మట్టి ఉబ్బదు. దాని మట్టం 10 దగ్గర ఉండి, నీళ్లలోది 15 దాటితే, అంటే సగానికి మించి ఉబ్బితే, ఆ మట్టి మీద బాట వేయకండి. 450 మిల్లీమీటర్లు తీసి మొరంతో నింపండి. లేదంటే ప్రతి వానాకాలం పలకలు లేస్తాయి, ప్రతి ఎండాకాలం దిగుతాయి. మూడో ఏటికి బాట మధ్యలో పొడవునా పగులు వస్తుంది. పొడవు పగులు సైకిలుకు అడ్డ పగులు కన్నా ప్రమాదం, ముందు చక్రం దాంట్లో ఇరుక్కుంటుంది.

పొరలు

తయారైన బాట పక్క నేల కన్నా 75 మిల్లీమీటర్లు ఎత్తుండాలి. పైన 125 కాంక్రీటు, కింద 150 కంకర పొర, మొత్తం 275. అంటే నేల నుంచి 200 తవ్వితే చాలు. తవ్విన అడుగును తడిపి రోలరు తిప్పాలి. తడి ఎంతుండాలన్నదానికి మేస్త్రీలు చేసే పరీక్షే సరైనది. గుప్పెడు మట్టి తీసి గట్టిగా పిసికి ముద్ద చేసి నడుము ఎత్తు నుంచి వదలండి. రెండు మూడు ముక్కలైతే తడి సరిపోయింది. పొడిపొడిగా చిట్లితే ఇంకా నీళ్లు కావాలి. పేడముద్దలా చప్పబడితే ఆ రోజుకు పని ఆపి ఆరనివ్వండి. పేడముద్ద మీద రోలరు తిప్పితే మట్టి గట్టిపడదు, రోలరు ముందు అలలా లేస్తుంది.

కంకర పొరను వెడల్పులో అటూ ఇటూ 300 మిల్లీమీటర్లు ఎక్కువ పరవాలి, అంటే 3.6 మీటర్లు. ఈ 300 మిగిల్చుకోవాలని చూసేవాళ్లే ఎక్కువ. కాంక్రీటు అంచు కింద ఆధారం లేకపోతే మొదట విరిగేది అంచే. కిలోమీటరుకు గట్టిపడ్డాక 540 ఘనమీటర్లు, లారీల లెక్కలో వదులుగా సుమారు 690. ఒడ్డు అంచుకు మీటరు లోపల పెద్ద రోలరు రాకూడదు, గట్టు జారుతుంది. అక్కడ చేత్తో నడిపే టన్ను రోలరు గానీ, ప్లేటు మిషను గానీ వాడండి, పొర 100 మిల్లీమీటర్లకు మించకుండా.

నది వైపు అంచున పాదగోడ ఎక్కడ కావాలి? బాట పై గీతకు కింద ఉన్న ప్రతిచోటా. 200 మందం, 600 లోతు కాంక్రీటు, పలకతో కలిపి ఒకేసారి పోయాలి. పారే వరద అంచు కింద మట్టిని కోసుకుంటూ లోపలికి వస్తుంది, ఈ గోడ దాన్ని ఆపుతుంది. మొదటి పేరాలో చెప్పిన ఖాళీ రాకుండా చూసేది ఇదీ, ఊరి వైపు మోరీ, పైపులూనే.

మొరం బాటకు కింద 100 మిల్లీమీటర్ల కంకర, పైన 75 మిల్లీమీటర్లు మొరం, క్రషర్ డస్ట్ రెండుకు ఒకటి చొప్పున కలిపి పరచాలి. పైపొరకు వదులు లెక్కలో సుమారు 145 ఘనమీటర్లు తెప్పించండి. డస్ట్ లేకుండా మొరమొక్కటే వేస్తే ఎండకు గులకరాళ్లు పైకి తేలి పరుగెత్తేవాళ్ల మడమలు తిరుగుతాయి. డస్ట్ ఎక్కువైతే వానకు బురద, ఎండకు దుమ్ము. ఏటా వానాకాలం వెళ్లాక 20 మిల్లీమీటర్లు పైన పోసి తడిపి రోలరు తిప్పాలి. ఈ ఖర్చు బడ్జెట్లో లేకపోతే మొరం బాట జోలికి పోకండి.

కాంక్రీటే ఎందుకు, తారు ఎందుకు కాదు అని పరుగెత్తేవాళ్లు అడుగుతారు, తారు కాళ్లకు మెత్తన. నిజమే. కానీ పలుచని తారు కింద నీరు చేరితే ఊడుతుంది, అంచుల్లో గడ్డి పొడుచుకొస్తుంది, వరద పారిన చోట పొరలుగా లేస్తుంది. పేవర్ టైల్సు చూడ్డానికి బాగుంటాయి. కింది ఇసుక కొట్టుకుపోతే ఒక్కోటి ఒక్కో ఎత్తులో నిలుస్తుంది, సన్న టైర్ల సైకిలు వాటి మీద పోలేదు. మెత్తదనం మొరం బాట ఇస్తుంది కదా, గట్టిదనం కాంక్రీటుకు వదిలేయండి.

కాంక్రీటు రోజు

కిలోమీటరుకు ఎం25 కాంక్రీటు 375 ఘనమీటర్లు. 6 ఘనమీటర్ల ట్రాన్సిట్ మిక్సర్లు 63. నిండు మిక్సరు సుమారు 25 టన్నులుంటుంది. దాన్ని మీరు చదును చేసిన కంకర మీదికి ఎక్కనిస్తే వారం పని ఒక్క రివర్సులో పోతుంది. రోడ్డు మీదే ఆపి పంపుతో పోయించండి. నగరంలో పగలు భారీ వాహనాలకు ఆంక్షలుంటాయి కాబట్టి తెల్లవారుజామున లోడు రప్పించుకుంటే మే నెల ఎండ కూడా తప్పుతుంది.

కంకర మీద ప్లాస్టిక్ షీటు, రెండు వైపులా కాంక్రీటు పక్కకు జారకుండా ఆపే 125 ఎత్తు ఇనుప ఫారాలు. నది వైపు ఫారం 60 మిల్లీమీటర్లు కిందికి దిగాలి, 3 మీటర్లకు నూటికి రెండు వాలు అంటే అదే. ఈ తేడాను నీళ్ల ట్యూబుతో చూస్తారు. ట్యూబులో ఒక్క గాలిబుడగ ఉన్నా మట్టం తప్పుతుంది. రెండు కొనలూ పక్కపక్కన పట్టుకుని నీళ్లు ఒకే ఎత్తులో ఉన్నాయో లేదో ప్రతి గంటకూ సరిచూసుకోండి. ఎండలో పడి ఉన్న ట్యూబులో బుడగలు వాటంతటవే పుడతాయి.

కాంక్రీటు గట్టిగా ఉంది, పార ఆడటం లేదని పైపుతో నీళ్లు కలిపించమని కూలీలు అడుగుతారు. ఒప్పుకోకండి. స్లంపు, అంటే కోను అచ్చు తీశాక కాంక్రీటు కుంగే ఎత్తు, 75 మిల్లీమీటర్ల దగ్గర ఉంటే వైబ్రేటరుతో కూర్చుంటుంది. నీళ్లు కలిపిన కాంక్రీటులో సిమెంటు పాలు పైకి తేలి, ఏడాది తిరిగేసరికి పైపొర పెచ్చులూడి ఇసుక బయటపడుతుంది. చదును చేశాక నున్నగా తుడవొద్దు. చీపురుతో అడ్డంగా, అంటే బాట పోయే దిశకు అడ్డుగా, ఒక్కసారి లాగండి. ఆ గరుకే వానలో బ్రేకు పట్టిస్తుంది. తర్వాత పైన రంగు వేయాలని ఎవరైనా అంటే ఆ గరుకు పోతుందని గుర్తు చేయండి.

ప్రతి 3 మీటర్లకూ అడ్డంగా 3 మిల్లీమీటర్ల వెడల్పు, 40 లోతు కోత. ఎండాకాలంలో 6 నుంచి 8 గంటలకు, చలికాలంలో 12 నుంచి 18 గంటలకు. తొందరపడితే కోత అంచులు చిట్లుతాయి, ఆలస్యమైతే కాంక్రీటే తనకిష్టమైన చోట పగులుతుంది. తాపీతో గాడులు గీసి వదిలేసే పద్ధతి వద్దు. దాని గుండ్రటి అంచుల మీద చక్రం ప్రతి 3 మీటర్లకూ ఎగురుతుంది. మ్యాన్‌హోల్ చుట్టూ 12 మిల్లీమీటర్ల ఫోం షీటు పెట్టి పలకను విడదీయాలి, మూత పలకకు సమంగా ఉండాలి. గోనెలు కప్పి కనీసం 10 రోజులు తడపండి. పోసిన సిమెంటులో ఫ్లై యాష్ (బొగ్గు బూడిద) ఉంటే 14 రోజులు.

అంబర్‌పేట, నాగోలు వైపు మూసీ ఒడ్డున పశువుల మేతకు గడ్డి పెంచుతారు. గడ్డి మోపుల ట్రాక్టర్లు, బర్రెలు బాటను దాటే చోట్లు ముందే తెలుసుకోండి. అక్కడ పలక 200 మందం, 8 మిల్లీమీటర్ల కడ్డీలు 200 ఎడంతో జాలీగా వేయాలి. వాళ్ల దారి వాళ్లకుంచకపోతే ట్రాక్టరు ఎక్కడ పడితే అక్కడ ఎక్కుతుంది. వాళ్లు మీ బాటకన్నా ముందు నుంచీ అక్కడున్నవాళ్లు.

చివరిగా అంచులు. పలక పక్కన మొరం నింపి పలక కన్నా 10, 15 మిల్లీమీటర్లకు మించి దిగకుండా ఉంచాలి. 25 దాటితే బాట దిగిన సైకిలు మళ్లీ ఎక్కబోయి పడుతుంది. సైకిలిస్టులు పడేది ఎక్కువగా ఇలాంటి చిన్న మెట్టు దగ్గరే.

నీడ, ముళ్లు

ఊళ్లో మూసీ పడమటి నుంచి తూర్పుకు పారుతుంది. బాటా అలాగే పోతుంది. ఎండ ఏడాదిలో ఎక్కువ కాలం దక్షిణం నుంచి పడుతుంది కాబట్టి చెట్లు బాటకు దక్షిణం వైపు ఉంటేనే ఎక్కువ నీడ. ఉత్తరపు ఒడ్డు మీదైతే నదికీ బాటకూ మధ్య, దక్షిణపు ఒడ్డు మీదైతే ఊరి వైపు. రెండు వరుసలూ నాటి నీళ్లు పోసుకునే డబ్బు లేకపోతే ఈ ఒక్క వరుస చాలు. పొద్దున తూర్పుకు, సాయంత్రం పడమటికి తొక్కేవాళ్ల కళ్లలో మాత్రం సూర్యుడు సూటిగా పడతాడు, దానికి చెట్టు ఏమీ చేయలేదు. ఆ వేళల్లో ఎదుటివాళ్లు కనబడరు, వేగం తగ్గించమని బోర్డు పెట్టండి.

ఏరుమద్ది ఒడ్డున పుట్టిన చెట్టే, మునిగినా తట్టుకుంటుంది. కానుగ దట్టమైన నీడ. వేప సరేసరి. బాట అంచుకు 2.5 నుంచి 3 మీటర్ల ఎడం. రావి, మర్రి వేర్లు పలకలు లేపుతాయి. తురాయి కొమ్మ గాలివానకు విరిగి పడుతుంది. ఏడాకుల పాల పూతకొస్తే ఆ వాసనకు తలనొప్పి వచ్చేవాళ్లు బాట మానేస్తారు. కోనోకార్పస్ మాటే వద్దు.

నేల మీద పెరిగేవాటిలో సైకిళ్లకు శత్రువు పల్లేరు. దాని కాయ ఎటు పడినా ఒక ముల్లు పైకే ఉంటుంది, ట్యూబులోకి దిగి లోపలే విరుగుతుంది. పూత దశలోనే వేరుతో పీకి సంచిలో వేసి తీసుకుపోవాలి; కోసి అక్కడే వదిలితే కాయలు బాట మీదికే దొర్లుతాయి. సర్కారు తుమ్మ కొట్టిన రోజు బాటను తప్పక ఊడవండి. వయ్యారిభామను పూతకు ముందే, చేతికి తొడుగులేసుకుని పీకండి. పాముల కోసం అంచుల్లో మీటరు మేర గడ్డి పొట్టిగా ఉంచాలి.

గేటు, గీతలు, దీపాలు

బైకులు రాకుండా గుంజలు పాతడం అందరికీ తోచే ఉపాయం. 3 మీటర్ల బాటకు సరిగ్గా మధ్యలో ఒకటే గుంజ, మీటరు ఎత్తు, చుట్టూ మెరిసే టేపు, ఇరువైపులా దాదాపు 1.5 మీటర్ల దారి. రెండు గుంజలు పాతితే మధ్య సందులోకే ఇరువైపుల సైకిళ్లూ దూరి ఢీకొంటాయి. అయితే సైకిలు పట్టే సందులో బైకూ పడుతుంది, ఈ విషయంలో భ్రమ వద్దు. వంకర టింకర ఇనుప గేట్లు పెడితే బైకు ఆగుతుంది గానీ చక్రాల కుర్చీ కూడా ఆగుతుంది. గేటు పక్కనే బైకులు నిలిపే చోటు చూపించడం, తెల్లవారుజామునా సాయంత్రమూ ఒక మనిషిని ఉంచడం తప్ప గట్టి మార్గం లేదు. గుంజ తాళం తీస్తే ఊడేదై ఉండాలి, అంబులెన్సు రావాలి కదా.

మధ్య గీత 10 సెంటీమీటర్ల పసుపు రంగు, తిన్నని చోట విడివిడిగా, వంపుల్లో తెగకుండా. అందరూ ఎడమ వైపు. దాటేవాళ్లు కుడి నుంచి, బెల్లు కొట్టి. వేగం 15 కిలోమీటర్లు. అంతకు మించి తొక్కాలనుకునేవాళ్లకు ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సౌర ఫలకాల పైకప్పుతో 23 కిలోమీటర్ల ప్రత్యేక బాట 2023 అక్టోబరు నుంచీ ఉంది, 4.5 మీటర్ల వెడల్పు. శిక్షణ కోసం తొక్కేవాళ్లను అక్కడికి పొమ్మని బోర్డు మీదే రాయండి, తప్పేం లేదు.

దీపాలు 4 మీటర్ల స్తంభాల మీద, 20 మీటర్ల ఎడంతో, ఊరి వైపు. తెల్లటి వెలుతురు కన్నా పసుపుపచ్చది కళ్లకు మేలు, పురుగులూ తక్కువ చేరతాయి. రాగి తీగ వేస్తే దొంగలు ఎత్తుకుపోతారు, అల్యూమినియం వేయండి.

వరద తీశాక

మే నెలలో ప్రతి పైపు, ప్రతి తొట్టి తీసి శుభ్రం చేయాలి. జంట జలాశయాల గేట్లు తెరుస్తున్నారని తెలిసిన వెంటనే గేట్లకు తాళాలు వేయండి, కింది మట్టంలోని దీపాల కరెంటు కట్ చేయండి. నీరు తీశాక బాట మీద మిగిలేది మామూలు మట్టి కాదు, మురుగు కలిసిన ఒండ్రు. తడిగా ఉండగానే, రెండు రోజుల లోపు, రబ్బరు పలకలతో నది వైపు కాకుండా ఊరి వైపు తోసి కుప్ప చేసి ట్రాక్టరులో ఎత్తించండి. ఎండిందంటే గడ్డపారతో కొట్టాలి, కొట్టేటప్పుడు కాంక్రీటు గరుకు పోతుంది. మీద సన్న పొర మిగిలినా మొదటి చినుకుకు సబ్బు రాసినట్టు జారుతుంది. పని చేసేవాళ్లకు గమ్‌బూట్లు, మోచేతుల దాకా తొడుగులు తప్పనిసరి. కడిగాక బ్లీచింగ్ పౌడరు చల్లండి.

తెరిచే ముందు నది వైపు అంచు వెంబడే నడుస్తూ ఇనుప కడ్డీతో ప్రతి పలక మీదా తట్టండి. గట్టి చప్పుడైతే కింద మట్టి ఉన్నట్టు. డొల్ల చప్పుడు వచ్చిన పలక మీద సున్నంతో అడ్డగీత గీసి, దాని కింద పలచని సిమెంటు చారు పంపు చేయించేదాకా ఆ మేర తాడు కట్టి ఉంచండి.